ఒకే మంచం, రెండు రేట్లు: అమెరికా నర్సింగ్ హోమ్‌లకు ప్రభుత్వం ఎలా చెల్లిస్తుంది

విజయవాడలోనో వరంగల్‌లోనో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు, ఆపరేషన్లు చేసే ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక మళ్ళీ నడక నేర్చుకునేవారు కొన్ని వారాలు, పక్షవాతంతోనో మతిమరుపు జబ్బుతోనో ఇంట్లో ఉండలేనివారు ఏళ్ళ తరబడి ఉండే చోటు అది. దేశంలో ఇవి దాదాపు 15 వేలు, వాటిలో ఉంటున్నవారు 12 లక్షల పైచిలుకు. అక్కడ నర్సులుగా, ఫిజియోథెరపిస్టులుగా పనిచేస్తున్న తెలుగువారు ఉన్నారు. గ్రీన్‌కార్డు మీద పిల్లల దగ్గర స్థిరపడిన తల్లిదండ్రుల్లో కొందరికి ఇప్పుడు ఆ అవసరం పడే వయసు వస్తోంది.

ప్రభుత్వం ఇచ్చేది ఖర్చుకు చాలడం లేదని నర్సింగ్ హోమ్‌ల సంఘాలు ఏటా వాషింగ్టన్‌లో మొరపెట్టుకుంటాయి. ఇచ్చేది ఎక్కువైంది, తగ్గించండని కాంగ్రెస్‌కు సలహా ఇచ్చే మెడ్‌పాక్ అనే కమిషన్ ఏటా రాస్తుంది. ఇద్దరూ లెక్కలు చూపించే మాట్లాడతారు. ఆ లెక్కలు రెండూ సరైనవే కావడం వల్లే బయటివారికి ఈ వివాదం అంతుపట్టదు.

సంక్షిప్తంగా

ఆసుపత్రి నుంచి వచ్చిన రోగికి కొన్నాళ్ళపాటు వృద్ధుల కేంద్ర బీమా అయిన మెడికేర్ మంచి రేటు ఇస్తుంది. దీర్ఘకాలం ఉండేవారిలో ఎక్కువమందికి పేదల పథకమైన మెడికెయిడ్ తక్కువ రేటు ఇస్తుంది. మొదటిదాంట్లో మిగిలింది రెండోదాని లోటు పూడుస్తుంది, అదీ అన్నిచోట్లా సమానంగా కాదు. మెడికేర్ చెల్లింపు కొలమానం 2019లో మారింది, దానితోపాటు చికిత్స తీరూ మారింది. 2025లో వచ్చిన చట్టం సిబ్బంది నిబంధనను పక్కన పెట్టింది, రాష్ట్రాలు మెడికెయిడ్‌కు డబ్బు కూడబెట్టే దారిని బిగించింది.

ఎవరి డబ్బు ఎవరికి

మెడికేర్, మెడికెయిడ్ రెండూ 1965లో ఒకే చట్టంతో పుట్టాయి. మెడికేర్ పూర్తిగా కేంద్రానిది, 65 ఏళ్ళు నిండినవారికి ప్రధానంగా. మెడికెయిడ్ పేదలకు. కేంద్రం సగమో అంతకంటే ఎక్కువో భరిస్తుంది, మిగతాది రాష్ట్రం పెట్టుకోవాలి. రేటు నిర్ణయించేది కూడా రాష్ట్రమే.

చాలా కుటుంబాలు పొరబడేది ఇక్కడే. మెడికేర్ ఉంది కదా, నర్సింగ్ హోమ్ ఖర్చు అదే చూసుకుంటుందనుకుంటారు. మెడికేర్ ఇచ్చేది నర్సో థెరపిస్టో రోజూ చేయాల్సిన నైపుణ్య సేవకే. స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం మాత్రమే అవసరమైతే ఇవ్వదు. నైపుణ్య సేవకైనా ఒక అనారోగ్య విడతకు 100 రోజులే పరిమితి. మొదటి 20 రోజులు రోగి పైసా కట్టక్కర్లేదు. 21వ రోజు నుంచి 2026లో రోజుకు 217 డాలర్లు రోగి వాటా. మిగిలిన 80 రోజులూ ఉంటే అది 17,360 డాలర్లు. అనుబంధ బీమా లేనివాళ్ళు 20వ రోజునే ఇంటికి వెళ్ళిపోవాలని తొందరపడటానికి కారణం ఇదే.

ఆ 100 రోజులు మొదలవ్వాలన్నా సాధారణ మెడికేర్‌లో ఒక షరతుంది. అంతకుముందు ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా వరసగా మూడు రోజులు ఉండాలి, డిశ్చార్జ్ అయిన రోజు లెక్కలోకి రాదు. అబ్జర్వేషన్ పేరుతో అదే మంచం మీద, అదే సెలైన్ ఎక్కించుకుంటూ నాలుగు రోజులు ఉన్నా అవి పనికిరావు. అబ్జర్వేషన్ 24 గంటలు దాటితే ఆసుపత్రి రాతపూర్వకంగా తెలపాలి. ఇన్‌పేషెంటుగా చేర్చుకుని తర్వాత అబ్జర్వేషన్‌కు మార్చితే, కోర్టు తీర్పు పుణ్యమా అని 2025 నుంచి అప్పీలు చేసుకునే వీలుంది. మెడికేర్ అడ్వాంటేజ్ పేరుతో ప్రైవేటు బీమా కంపెనీలు నడిపే పథకాల్లో ఈ మూడు రోజుల షరతు తరచూ ఉండదు. దానికి బదులు ముందస్తు అనుమతి తీసుకోవాలి, కొన్ని రోజులకోసారి దాన్ని పొడిగించుకోవాలి. మెడికేర్ లబ్ధిదారుల్లో సగానికి పైగా ఇప్పుడు ఈ పథకాల్లోనే ఉన్నారు.

గ్రీన్‌కార్డు తల్లిదండ్రులకు ఇంకో మెట్టుంది. 65 ఏళ్ళు నిండి, దేశంలో వరసగా ఐదేళ్ళు ఉంటేనే మెడికేర్ కొనుక్కునే అర్హత వస్తుంది. తమకో జీవిత భాగస్వామికో అక్కడ పదేళ్ళ ఉద్యోగ చరిత్ర లేకపోతే ఆసుపత్రి, నర్సింగ్ హోమ్ ఖర్చులు చూసే మెడికేర్ భాగమైన పార్ట్ ఏ ఉచితం కాదు, 2026లో నెలకు 565 డాలర్ల దాకా ప్రీమియం కట్టాలి. కొడుకో కూతురో ఇరవై ఏళ్ళు పన్ను కట్టినా అది తల్లిదండ్రుల ఖాతాలో చేరదు.

100 రోజులు దాటాక జేబులోంచి కట్టుకోవాలి. ఏడాదికి లక్ష డాలర్లు దాటే ఆ ఖర్చుతో పొదుపు కరిగిపోయాక మెడికెయిడ్ వస్తుంది. చాలా రాష్ట్రాల్లో ఒంటరి వ్యక్తి దగ్గర 2,000 డాలర్లకు మించి ఉండకూడదు. నర్సింగ్ హోమ్‌లలో ఉన్న ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఖర్చు మెడికెయిడ్ మీదే నడుస్తోంది.

నిమిషాలు కొన్న ఇరవై ఏళ్ళు

1998కి ముందు మెడికేర్, నర్సింగ్ హోమ్ చూపిన ఖర్చును బట్టి తిరిగి ఇచ్చేది. ఖర్చు పెంచితే రాబడి పెరిగేది. 1997 నాటి బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ చట్టం దాన్ని మార్చి, రోగి స్థితిని బట్టి రోజుకు ఇంత అని ముందే నిర్ణయించే పద్ధతి తెచ్చింది. 1998 జూలైలో అది మొదలైంది.

రోగి స్థితిని కొలవడానికి ఎంచుకున్న గజం వారానికి ఎన్ని నిమిషాల థెరపీ ఇచ్చారన్నది. 720 నిమిషాలు చేరితే అత్యున్నత శ్రేణి, 500 చేరితే దాని కింది శ్రేణి, ఆ తర్వాత 325, 150, 45. 719 నిమిషాలిస్తే ఒక రేటు, 720 ఇస్తే అంతకంటే బాగా ఎక్కువ. ఫలితం ఊహించదగ్గదే. మెడికేర్, మెడికెయిడ్‌లను నడిపే కేంద్ర సంస్థ సీఎంఎస్ 2016లో విడుదల చేసిన లెక్కల్లో, అత్యున్నత శ్రేణి అసెస్‌మెంట్లలో (రోగి స్థితిని నమోదు చేసే ఫారాల్లో) 51 శాతం సరిగ్గా 720, 730 నిమిషాల మధ్యే ఉన్నాయి. రోగుల ఒళ్ళు, ఓపిక అలా గీత గీసినట్టు ఒకేచోట ఆగవు. 90 ఏళ్ళ ముసలమ్మకు నిమిషాలు పూరించడం కోసం సాయంత్రం మళ్ళీ వ్యాయామం చేయించడం, సెలైన్లు, పుళ్ళు, శ్వాస సమస్యలతో నర్సింగ్ అవసరం ఎక్కువై థెరపీ చేయలేని రోగిని చేర్చుకోవడానికి వెనకాడటం, ఈ రెండూ అదే గజం నుంచి వచ్చినవి.

2019 అక్టోబరు 1న పీడీపీఎం అనే కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. ఇందులో నిమిషాలకు విలువ లేదు. రోజువారీ రేటు ఆరు ముక్కల మొత్తం: ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, మాట-మింగుడు థెరపీ, నర్సింగ్, మందులూ సామగ్రీ, అందరికీ ఒకటే ఉండే బస ఖర్చు. రోగి చేరిన మొదటి ఎనిమిది రోజుల్లో ఒక తేదీని ఆధారం చేసుకుని అసెస్‌మెంట్ నింపుతారు. ముఖ్య రోగమేమిటి, లేవడం, కూర్చోవడం, నడవడం ఎంతవరకు చేయగలరు, జ్ఞాపకశక్తి ఎలా ఉంది, మింగడంలో ఇబ్బందుందా, మధుమేహం, నరంలోకి మందుల్లాంటివి ఏమున్నాయి అన్నవి అందులో ఉంటాయి. మధ్యలో స్థితి మారితే కొత్త అసెస్‌మెంట్ వేయవచ్చు. వేయకపోతే మొదటిదే చివరిదాకా నడుస్తుంది.

రేటు రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. మందుల ముక్క మొదటి మూడు రోజులు మూడింతలు, నాలుగో రోజు నుంచి మామూలు. ఫిజియో, ఆక్యుపేషనల్ ముక్కలు 20వ రోజు దాటాక ప్రతి ఏడు రోజులకూ 2 శాతం చొప్పున కరుగుతాయి. ఖరీదైన మందులు చేరగానే మొదలవుతాయి, కాబట్టి మొదటిదానికి అర్థముంది. రెండోది ఎక్కువ రోజులు అట్టేపెట్టుకోకుండా చేసే కట్టడి.

అమల్లోకి వచ్చిన వారాల్లోనే థెరపిస్టుల ఉద్యోగాలు, పనిగంటలు కోతపడ్డాయి. రోగికి దక్కే థెరపీ నిమిషాలు 30 శాతానికి పైగా తగ్గాయి. సెప్టెంబరు 30న అవసరమైన థెరపీ అక్టోబరు 1న ఎలా అనవసరమైందన్న ప్రశ్నకు సూటి జవాబు ఒకటే: అంతకుముందు కొంత అనవసరం, ఆ తర్వాత కొంత కొరత. రెండూ జరిగాయి. ఒక్కరికి విడిగా చేయాల్సిన థెరపీని గుంపులో కానిచ్చేయకుండా, గుంపు నిమిషాలు మొత్తంలో 25 శాతం మించకూడదన్న హద్దు మాత్రం పెట్టారు.

శ్రద్ధ ఇప్పుడు నిమిషాల నుంచి అసెస్‌మెంట్‌లో రాసే రోగాల కోడ్ల మీదికి మళ్ళింది. మింగుడు ఇబ్బంది, మెత్తగా చేసిన ఆహారం, కుంగుబాటు వంటి గడులు నింపితే రేటు పెరుగుతుంది. నిజంగా ఉన్నదాన్ని మునుపు రాయకపోవడం ఒక తప్పు, లేనిదాన్ని రాయడం ఇంకో తప్పు. ఆడిట్‌లో దొరికేది రెండోదే. కోడ్ ఉండి, దాన్ని సమర్థించే డాక్టరు నోటో నర్సు రోజువారీ రాతో లేకపోతే డబ్బు వెనక్కి పోతుంది. కొత్త పద్ధతివల్ల మొత్తం ఖర్చు పెరగకూడదన్నది షరతు, కానీ సుమారు 5 శాతం పెరిగింది. దాన్ని సరిచేయడానికి 2023, 2024 ఆర్థిక సంవత్సరాల్లో 2.3 శాతం చొప్పున కోత పెట్టారు. ఆ రెండేళ్ళూ ధరల పెరుగుదల సర్దుబాటు పెద్దది కావడంతో కోత పోగా కూడా రేటు పెరిగింది. 2026 ఆర్థిక సంవత్సరానికి నికర పెంపు 3.2 శాతం.

ఇవి కాక ప్రతి చెల్లింపులో 2 శాతం ముందే పట్టి ఉంచి, మళ్ళీ ఆసుపత్రి పాలైన రోగుల సంఖ్యలాంటి కొలతలను బట్టి అందులో 60 శాతమే తిరిగి పంచుతారు. మిగతాది ఖజానాకు. అంటే సగటు పనితీరున్న సంస్థకూ కొంత నష్టం ఖాయం.

మెడికెయిడ్ రేటు ఎందుకు వెనకబడుతుంది

రాష్ట్రాలు సాధారణంగా నర్సింగ్ హోమ్‌లు ఇచ్చిన ఖర్చు నివేదికల మీద రేటు కడతాయి. నివేదిక ఏటా తీసుకుంటారు, రేటు ప్రాతిపదిక మాత్రం కొన్నేళ్ళకోసారే మారుస్తారు. మధ్య ఏళ్ళకు ఏదో సూచిక ప్రకారం కొద్దిగా పెంచుతారు, బడ్జెట్ బిగిస్తే అదీ ఆపుతారు. ఒక్కో పద్దుకు గరిష్ఠ పరిమితి వేరే. కోవిడ్ తర్వాత నర్సింగ్ అసిస్టెంట్ల జీతాలు, ఏజెన్సీ నర్సుల బిల్లులు ఒక్కసారిగా ఎగబాకినప్పుడు పాత ప్రాతిపదికతో నడుస్తున్న రాష్ట్రాల్లో లోటు కొట్టొచ్చినట్టు బయటపడింది. మెడికెయిడ్‌పై కాంగ్రెస్‌కు సలహా ఇచ్చే మాక్‌పాక్ 2019 లెక్కలు చూసి, మధ్యస్థ నర్సింగ్ హోమ్‌కు మెడికెయిడ్ ఇస్తున్నది ఖర్చులో 86 శాతమని తేల్చింది. కొన్ని రాష్ట్రాల్లో ఖర్చుకు మించీ ఉంది, కొన్నిచోట్ల చాలా తక్కువ.

ఒకప్పుడు దీనికి కోర్టు దారి ఉండేది. 1980లో వచ్చిన బోరెన్ సవరణ, సమర్థంగా నడిచే సంస్థ ఖర్చుకు సరిపడేంత సహేతుకమైన రేటు ఇవ్వాలని రాష్ట్రాలకు చెప్పింది. ఆ హక్కు కోసం దావా వేయవచ్చని 1990లో సుప్రీంకోర్టు వర్జీనియా ఆసుపత్రుల కేసులో ఒప్పుకుంది. దావాలు వెల్లువెత్తాయి, రాష్ట్రాలు గగ్గోలు పెట్టాయి, 1997లో కాంగ్రెస్ ఆ సవరణను తీసేసింది. మిగిలిన సాధారణ నిబంధన పేరుతో సేవాసంస్థలు కోర్టుకెక్కలేవని 2015లో ఆర్మ్‌స్ట్రాంగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కోర్టు తలుపు మూసుకుపోయాక మిగిలింది శాసనసభ గుమ్మమే. రాష్ట్ర సంఘాలు ప్రతి బడ్జెట్ సమావేశంలోనూ అంత గట్టిగా పట్టుబట్టడానికి మూలం ఈ చరిత్ర.

పన్ను కట్టి, అంతకంటే ఎక్కువ తిరిగి పుచ్చుకోవడం

తమ మీద పన్ను వేయండని నర్సింగ్ హోమ్‌లే అడగడం వింతగా కనిపిస్తుంది. లెక్క ఇది. కేంద్రం వాటా 60 శాతం ఉన్న రాష్ట్రం అనుకుందాం. రాష్ట్రం నర్సింగ్ హోమ్‌ల నుంచి 100 డాలర్ల పన్ను వసూలు చేసి, దాన్నే తన 40 శాతం వాటాగా చూపితే కేంద్రం 150 ఇస్తుంది. మొత్తం 250 మెడికెయిడ్ రేటు రూపంలో వాటికే వెళుతుంది. ఖజానా నుంచి ఒక్క డాలరు కదలకుండా ఆ రంగానికి 150 నికరంగా చేరింది. ఈ పన్ను నర్సింగ్ హోమ్‌ల రాబడిలో 6 శాతం మించకపోతే కేంద్రం సాధారణంగా అభ్యంతరపెట్టదు. పన్ను అందరి మీదా వేయాలి కాబట్టి, మెడికెయిడ్ రోగులు తక్కువున్న ఖరీదైన సంస్థలు కట్టేది ఎక్కువ, పొందేది తక్కువ. సంఘాల లోపల గొడవలు అక్కడే మొదలవుతాయి.

ఇండియానాలో ఇంకో మార్గం పెరిగింది. ప్రభుత్వ యాజమాన్యంలోని నర్సింగ్ హోమ్‌లకు మెడికేర్ రేటు స్థాయి దాకా అదనపు మెడికెయిడ్ చెల్లింపు తీసుకోవచ్చు. అందుకని కౌంటీ ఆసుపత్రి సంస్థలు డజన్లకొద్దీ ప్రైవేటు నర్సింగ్ హోమ్‌ల లైసెన్సులు తమ పేరు మీదికి తెచ్చుకున్నాయి, నడిపేది మాత్రం పాత కంపెనీలే. అదనపు డబ్బు ఎంతవరకు మంచం పక్కకు చేరిందన్నది అక్కడి పాత వివాదం. ఆ రాష్ట్రంలోని మేరియన్ కౌంటీ సంస్థ పేరు మీదున్న నర్సింగ్ హోమ్ మీద ఒక నివాసి కుటుంబం వేసిన టాలెవ్‌స్కీ కేసులో, మత్తుమందులతో కట్టడి చేయకుండా ఉండే హక్కుల కోసం నివాసులు దావా వేయవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. రేటు కోసం యజమానికి లేని దారి హక్కు కోసం నివాసికి దొరికింది.

సంఘాల వాదనలో నిలిచేది, నిలవనిది

ప్రధాన సంఘాలు రెండు. లాభాపేక్ష సంస్థలు ఎక్కువగా ఉన్న అమెరికన్ హెల్త్ కేర్ అసోసియేషన్, లాభాపేక్ష లేనివాటి లీడింగ్‌ఏజ్. దేశంలోని నర్సింగ్ హోమ్‌లలో దాదాపు 70 శాతం లాభాపేక్షవే.

మెడ్‌పాక్ 2025 మార్చి నివేదిక ప్రకారం 2023లో సాధారణ మెడికేర్ రోగుల మీద మిగులు సుమారు 22 శాతం. అన్ని చెల్లింపులూ కలిపి చూస్తే మిగులు అర శాతం కూడా లేదు. కమిషన్ మొదటి అంకె పట్టుకుని 3 శాతం తగ్గించమంటుంది. సంఘాలు రెండోది పట్టుకుని, తగ్గిస్తే మూతపడతామంటాయి. లోటుంది నిజమే. కానీ దాన్ని మెడికేర్ రేటుతో పూడ్చడం తప్పు చోట కట్టు కట్టడమే. మెడికేర్ డబ్బు ఎక్కువగా వెళ్ళేది ఆసుపత్రుల పక్కన, ఆపరేషన్ అయిన రోగులు వచ్చే సంస్థలకు. లోటు ఎక్కువున్నది పల్లెల్లో, నూటికి ఎనభైమంది మెడికెయిడ్ మీదే ఉండేచోట. అక్కడికి ఆ మిగులు చేరదు. మెడికేర్ అడ్వాంటేజ్ కంపెనీలు తక్కువ రేటు బేరమాడి, తక్కువ రోజులకే అనుమతిస్తుండటంతో ఆ మిగులు కూడా ఏటేటా సన్నబడుతోంది.

అర శాతం అంకెను కూడా యథాతథంగా తీసుకోలేం. భవనం, మేనేజ్‌మెంటు, థెరపీ, మందుల సరఫరా తమ సొంత కంపెనీల నుంచే తీసుకుని, వాటికి మార్కెట్‌కు మించి అద్దె, ఫీజు చెల్లించే యజమానులున్నారు. అప్పుడు లాభం పక్క కంపెనీలో ఉంటుంది, నర్సింగ్ హోమ్ పుస్తకంలో నష్టం కనిపిస్తుంది. రాబడిలో కనీసం 70 శాతం రోగుల సంరక్షణకు పెట్టాలని, లాభం 5 శాతం దాటకూడదని న్యూయార్క్ రాష్ట్రం 2021లో చట్టం చేసింది దీనికే. రేటు పెంపు అడిగేవారు ఇలాంటి షరతుకు కూడా సిద్ధపడితే వాదనకు బలం వస్తుంది. అందరూ సిద్ధంగా లేరు.

ఆరోగ్యశ్రీ బకాయిల మీద రెండు తెలుగు రాష్ట్రాల్లో 2025లో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపినట్టు అమెరికా నర్సింగ్ హోమ్‌లు ఆపడం కుదరదు. ఆరోగ్యశ్రీలో చికిత్సకు ప్యాకేజీ, కొత్త కేసు తీసుకోకుండా ఉండవచ్చు. నర్సింగ్ హోమ్‌లో మనిషి అప్పటికే మంచం మీద ఉన్నారు. పంపాలంటే 30 రోజుల నోటీసు, వెళ్ళడానికి సురక్షితమైన చోటు చూపించాలి.

సిబ్బంది నిబంధన వచ్చింది, పోయింది

1987 సంస్కరణ చట్టం ప్రకారం రిజిస్టర్డ్ నర్సు రోజుకు వరసగా 8 గంటలు, ఏదో ఒక లైసెన్సున్న నర్సు 24 గంటలూ ఉండాలి. 2024 ఏప్రిల్‌లో కేంద్రం కొత్త నిబంధన ప్రకటించింది: ఒక్కో నివాసికి రోజుకు 3.48 గంటల సంరక్షణ, అందులో రిజిస్టర్డ్ నర్సు 0.55, నర్సింగ్ అసిస్టెంటు 2.45 గంటలు, రిజిస్టర్డ్ నర్సు 24 గంటలూ. వందమంది ఉన్నచోట ఇది రోజుకు 348 గంటలు. అసిస్టెంట్లవే 245 గంటలు, అంటే 8 గంటల షిఫ్టులు ముప్పైకి పైగా, సెలవు పెట్టేవారు కాక.

పదేళ్ళకు దాదాపు 4,300 కోట్ల డాలర్ల ఖర్చని ప్రభుత్వమే అంచనా వేసింది, రేటులో దానికి తగ్గ కేటాయింపు చేయలేదు. నిబంధనకు, చెల్లింపుకు మధ్య ఈ తెగిన లంకె దాన్ని బలహీనపరిచింది. చట్టంలో 8 గంటలని రాసి ఉండగా 24 గంటలు అడిగే అధికారం సీఎంఎస్‌కు లేదని 2025 ఏప్రిల్‌లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. దావా వేసినవారిలో అమెరికన్ హెల్త్ కేర్ అసోసియేషన్ ఉంది. జూలైలో వచ్చిన చట్టం 2034 సెప్టెంబరు 30 దాకా అమలును ఆపింది, డిసెంబరులో ప్రభుత్వం నిబంధననే ఉపసంహరించుకుంది. సంఘాలకు ఇది గెలుపు. కనీస సిబ్బంది లేనిచోట పుండ్లు, పడిపోవడాలు ఎక్కువవుతాయన్న అసలు సమస్య మాత్రం అలాగే ఉంది.

2025 చట్టం తర్వాత

జూలై 4న సంతకమైన ఆ చట్టం పదేళ్ళలో కేంద్ర మెడికెయిడ్ ఖర్చును 90,000 కోట్ల డాలర్లకు పైగా తగ్గిస్తుందన్నది కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా. ఆసుపత్రుల మీద వేసే పన్ను పరిమితి కొన్ని రాష్ట్రాల్లో 6 నుంచి 3.5 శాతానికి మెల్లగా దిగుతుంది. నర్సింగ్ హోమ్ పన్నుకు ఆ కోత వర్తించదు, కానీ కొత్తగా వేయడానికి, పెంచడానికి వీల్లేదు. రేటు పెంచాలనుకునే రాష్ట్రం ఇక సొంత ఖజానాలోంచే తీయాలి. ఆసుపత్రి పన్ను తగ్గినచోట ఆ ఖజానాకు చిల్లు కూడా పడుతుంది.

నర్సింగ్ హోమ్ బిల్లింగ్ గదిలో అన్నిటికంటే ముందు తెలిసే మార్పు మరోటి. మెడికెయిడ్ దరఖాస్తుకు అరవై నెలల బ్యాంకు లెక్కలు చూపాలి. ఆ ఐదేళ్ళలో ఎవరికైనా ఉచితంగా ఇచ్చిన డబ్బు, ఇండియాలో తమ్ముడికి పంపినదైనా, లెక్కలోకి వస్తుంది. ఇచ్చిన మొత్తాన్ని రాష్ట్రం నిర్ణయించిన నెలసరి సగటు ఖర్చుతో భాగిస్తారు. సగటు 10,000 డాలర్లయితే 60,000 పంపినందుకు ఆరు నెలలు అర్హత ఉండదు. ఊళ్ళో ఇల్లు, పొలం ఉంటే అవీ చెప్పాలి. కాగితాలు కూడేలోగా నెలలు గడుస్తాయి. ఆ రోగిని ‘మెడికెయిడ్ పెండింగ్’ అంటారు, మందులు, భోజనం, జీతాలు నర్సింగ్ హోమ్ తన చేతి నుంచి పెడుతుంది.

ఇప్పటిదాకా దరఖాస్తు నెలకు ముందు మూడు నెలల ఖర్చును మెడికెయిడ్ వెనక్కి వెళ్ళి కట్టేది. 2027 జనవరి 1 నుంచి వృద్ధులకు అది రెండు నెలలే. మార్చిలో చేరి జూన్‌లో దరఖాస్తు పెడితే ఇంతకుముందు మార్చి, ఏప్రిల్, మే మూడూ వచ్చేవి. ఇకపై ఏప్రిల్, మే మాత్రమే. మార్చి బిల్లు కుటుంబం కట్టాలి, లేదా నర్సింగ్ హోమ్ వదులుకోవాలి. అందుకే ఇక మీద చేరిన వారంలోనే బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి కాగితాలు, పెన్షన్ ఉత్తరాలు అడగడం మొదలవుతుంది.